అక్షరము – ఆహార్యము

మన ప్రబంధములలో ఏ పుటను తెఱచి చూచినను, ప్రతి పద్యమునకు ముందు ఒక పొడి అక్షరము కనబడును. 'క.' అనిన కందము, 'ఉ.' అనిన ఉత్పలమాల, 'సీ.' అనిన సీసము, 'తే.' అనిన తేటగీతి, 'వ.' అనిన వచనము. ఈ అక్షరము పద్యములోని భాగము కాదు. చదువునప్పుడు దానిని ఎవరును పైకి పలుకరు. అయినను దానిని చూచినంతనే పద్యము పాడువాడు ఏ నడకతో అందుకొనవలెనో గ్రహించును. అచ్చుకూర్చువాడు పాదములను ఎక్కడ విఱువవలెనో గ్రహించును. 'ఇది ఏమి' అను సంగతిని మాత్రమే ఆ గుర్తు చెప్పును. 'ఇది ఎట్లు కనబడవలెను, ఎట్లు వినబడవలెను' అను నిర్ణయమును అది గాయకునికిని, ముద్రాపకునికిని విడిచిపెట్టును.

నేడు కంప్యూటరు తెరలమీదను, జేబులోని ఫోనులమీదను లోకమంతయు చదువుచున్న వెబ్ పుటల వెనుకనున్న విద్య సరిగా ఇట్టిదే. ఆ విద్యకు రెండు శాఖలు కలవు. 'ఇది ఏమి' అని చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్. అను గుర్తుల భాష. 'ఎట్లు కనబడవలెను' అని చెప్పునది సి.ఎస్.ఎస్. అను శైలిపత్రముల భాష. మొదటిది పాత్ర; రెండవది ఆ పాత్ర ధరించు ఆహార్యము. ఈ రెంటిని వేఱుచేసి నిలుపుటకై పెద్ద వాదమే నడచినది. పైకి చూచుటకు అది అక్షరముల లావు, రంగు, వరుసలను గూర్చిన వాదము. లోపల తేలవలసియున్న ప్రశ్న మాత్రము వేఱు. ఒక పుటమీద అధికారము వ్రాసినవానిదా, చదువువానిదా, లేక నడుమ యంత్రమును చేసి యిచ్చిన వ్యాపారిదా? ఈ ప్రశ్నకు కాలక్రమమున ఎట్టి సమాధానములు లభించినవో, అందు మన తెలుగునకు గల పాలు ఎంతయో ఇచట పరిశీలింతము.

ముద్రణాలయములలో పూర్వము రచయిత పంపిన వ్రాతప్రతి నేరుగా కంపోజిటరు చేతికి పోయెడిది కాదు. మొదట సంపాదకుడు దానిని చేతబట్టి, పెన్సిలుతో అంచులలో గుర్తులు పెట్టెడివాడు. ఈ పంక్తి శీర్షిక, దీనికి పెద్ద టైపు. ఈ మాటకు లావు అక్షరములు. ఇక్కడ క్రొత్త పేరా. ఇట్లు వ్రాతప్రతిపై గుర్తులు పెట్టుటను ఆంగ్ల ముద్రాపకులు 'మార్కప్' అనిరి. హెచ్.టి.ఎం.ఎల్. అను పేరులోని నడిమి మాట అదియే. హైపర్ టెక్స్ట్ మార్కప్ లాంగ్వేజ్ అని దాని నిండు పేరు. కనుక ఈ క్రొత్త విద్యకు పుట్టినిల్లు పాత అచ్చుకూటమే.

1960 తరువాత అచ్చు కూర్చు పనిలోనికి కంప్యూటరు ప్రవేశించెను. పెన్సిలు గుర్తులకు బదులు యంత్రమునకు తెలియు సంకేతములను వ్రాతలోనే చొప్పించుట మొదలయ్యెను. కాని ఒక చిక్కు వచ్చినది. ఆ సంకేతములు ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క విధముగ నుండెను. 'ఇన్ని పాయింట్ల టైపు, ఇంత ఖాళీ' అని ఒక యంత్రమునకై వ్రాసిన గ్రంథమును మఱియొక యంత్రముపై ముద్రింపవలె నన్నచో ఆ సంకేతములనన్నిటిని తుడిచి మరల వ్రాయవలసి వచ్చెడిది. గ్రంథము మారలేదు, రచయిత మారలేదు. యంత్రము మారినంతమాత్రమున పని యంతయు మొదటికి వచ్చెడిది.

ఈ చిక్కునకు మూలమును గుర్తించినవారిలో విలియం టన్నిక్లిఫ్ ఒకరు. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయమున ఆయన ప్రసంగించుచు, గ్రంథములోని విషయమును దాని రూపమునుండి వేఱుచేయవలెనని ప్రతిపాదించెను. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు న్యాయవాదుల కార్యాలయములకు పనికివచ్చు పత్రముల వ్యవస్థను నిర్మించుచు, ఆ భావమునకు ఆచరణరూపము నిచ్చిరి. వారు కల్పించిన భాష పేరు జి.ఎం.ఎల్. ఆ మూడక్షరములు ఆ మువ్వురి యింటిపేర్ల మొదటి యక్షరములే యగుట ఒక చమత్కారము. దానినుండి పెరిగిన ఎస్.జి.ఎం.ఎల్. అను భాష 1986లో అంతర్జాతీయ ప్రమాణముగ స్వీకరింపబడెను. కోణాకారపు చిహ్నముల నడుమ ఒక పేరు వ్రాసి, 'ఇచట శీర్షిక ఆరంభము', 'ఇచట శీర్షిక సమాప్తము' అని చెప్పు పద్ధతి అందులోనిదే.

ఇక రంగస్థలము స్విట్జర్లండునకు మారినది. జెనీవా నగర సమీపమున సెర్న్ అను పరమాణు పరిశోధన కేంద్రము కలదు. అనేక దేశములనుండి శాస్త్రజ్ఞులు వచ్చి, కొన్నాళ్లు పనిచేసి, తమ దేశములకు మరలిపోవుచుందురు. వారి కంప్యూటర్లు వేఱు, వారి పత్రములను దాచుకొను పద్ధతులు వేఱు. ఒకరు వ్రాసినది మఱియొకరికి దొరకుట కష్టమయ్యెను. అక్కడ పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఈ పత్రములనన్నిటిని లంకెలతో కలిపి ఒక్క వలగా అల్లవచ్చునని ఒక ప్రతిపాదన వ్రాసెను. 1990 చివఱకు నెక్స్ట్ అను కంప్యూటరుపై మొదటి బ్రౌజరును తానే నిర్మించెను. 1991లో అతడు తన గుర్తుల పట్టికను లోకమునకు తెలిపినప్పుడు అందు 18 మూలాంశములు మాత్రమే యుండెను. గ్రంథనామము, ఆరు తరగతుల శీర్షికలు, పేరా, జాబితా, చిరునామా, లంకె, ఇట్టివి.

ఆ పట్టికలో రంగు అను మాట లేదు. టైపు పేరు లేదు. పంక్తిని నడుమకు తెచ్చు గుర్తు లేదు. ఇది మఱపు కాదు. ఆనాటి శాస్త్రజ్ఞుల బల్లలమీద నానావిధములైన యంత్రములు ఉండెను. కొన్ని తెరలపై బొమ్మలు, పలురకముల టైపులు కనబడెడివి. కొన్నిటిపై ఒకే కొలత గల అక్షరములు తప్ప వేఱొకటి కనబడెడిది కాదు. 'ఇది ఇరువదినాలుగు పాయింట్ల ఎఱ్ఱ అక్షరము' అని వ్రాసి పంపినచో ఆ రెండవ తరగతి యంత్రము ఏమి చేయగలదు? 'ఇది మొదటి తరగతి శీర్షిక' అని వ్రాసి పంపినచో ఏ యంత్రమైనను తన శక్తికొలది దానిని వేఱుగా చూపగలదు. బెర్నర్స్-లీ తన బ్రౌజరులో రూపమును మార్చుకొను ఏర్పాటు కొంత చేసికొనెను గాని, దానికొక భాషను ఏర్పఱచి ప్రకటింపలేదు. రూపనిర్ణయము బ్రౌజరు పని యని అతని తలంపు.

శాస్త్రజ్ఞులకు సరిపోయిన ఈ ఏర్పాటు సామాన్యలోకమునకు చాలలేదు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన కంప్యూటరు కేంద్రమునుండి మొజాయిక్ అను బ్రౌజరు వెలువడెను. మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అను వారు దాని ప్రధాన నిర్మాతలు. అక్షరముల నడుమ బొమ్మను కూడ అదే పుటలో చూపగల ఈ బ్రౌజరుతో వెబ్ ప్రజలలోనికి వచ్చినది. పత్రికలవారు, వర్తకులు, ప్రకటనలవారు వచ్చిరి. కాగితముపై ప్రతి అంగుళమును తమ యిష్టప్రకారము దిద్దుకొనుట వారికి అలవాటు. 'మా శీర్షిక ఏ టైపులో కనబడునో మాకే తెలియదనుట ఎట్లు?' అని వారడిగిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. గ్రంథమునకు చక్కని రూపము నిచ్చుట అచ్చు వృత్తిలో ఒక ధర్మము. చదువరి కన్నును పంక్తివెంట నడిపించునది, అలసట లేకుండ చేయునది ఆ కూర్పే.

ఆ కోరికను తీర్చుటకై బ్రౌజరు వ్యాపారులు దగ్గఱి దారి తొక్కిరి. 1994లో నెట్‌స్కేప్ సంస్థ వెలసెను. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థ పోటీకి దిగెను. ఎవరి బ్రౌజరునకు వారు క్రొత్త గుర్తులను కల్పించిరి. టైపును, రంగును, కొలతను చెప్పు 'ఫాంట్' అను గుర్తు, పంక్తిని నడుమకు తెచ్చు 'సెంటర్' అను గుర్తు, అక్షరములను మిణుగురు పురుగులవలె వెలిగించి ఆర్పు 'బ్లింక్' అను గుర్తు ఆ కాలపు సంతానమే. పట్టికలలో అంకెలు వ్రాయుటకై కల్పించిన గళ్లను పుటను నిలువుగ అడ్డముగ కోయుటకు వాడిరి. ఒక చుక్కంత కొలత గల, కంటికి కనబడని బొమ్మను సాగదీసి అక్షరముల నడుమ ఖాళీ కల్పించుటయు ఒక విద్యయై, 1996లో డేవిడ్ సీగెల్ వ్రాసిన వెబ్ రూపకల్పన గ్రంథముతో బహుళ ప్రచారము పొందెను.

దీనివలన కలిగిన నష్టము మూడు విధములు. మొదటిది శ్రమ. నూఱు శీర్షికలుగల పత్రికలో నూఱింటికిని విడివిడిగ 'ఎఱుపు, పెద్ద టైపు' అని వ్రాయవలెను; ఎఱుపును నీలముగ మార్చవలెనన్న నూఱుచోట్లను దిద్దవలెను. రెండవది సందిగ్ధత. పెద్ద టైపులో నున్నది శీర్షికయో, వర్తకుని కేకయో యంత్రమునకు తెలియు మార్గము పోయినది. మూడవది అన్యాయము. చూపు లేనివారికి పుటను పైకి చదివి వినిపించు యంత్రములు ఉన్నవి. వాటికి లావు, రంగు పట్టవు. శీర్షిక యేది, జాబితా యేది యన్నదే వాటికి ఆధారము. రూపము కొఱకు అర్థమును బలియిచ్చిన పుట ఆ శ్రోతకు తలుపు లేని యిల్లు. మాటలనే బొమ్మలుగ గీసి పెట్టిన పుటలయందు వారికి మాటయే మిగులలేదు.

దీనికి విరుగుడు మొదటినుండియు కొందఱి మనసులలో నుండెను. రూపమును చెప్పు సూత్రములను పుటనుండి తీసి వేఱొక పత్రమునందు వ్రాయవలెను. ఆ పత్రమే శైలిపత్రము. బర్క్‌లీలోని విద్యార్థి పే వే 1992లోనే తన వయోలా బ్రౌజరునకు ఇట్టి ఏర్పాటు చేసెను. 1993 జూనులో రాబర్ట్ రైష్ అను నతడు ఒక ప్రతిపాదన చేసెను. కాని స్థిరపడి నిలిచినది నార్వే దేశీయుడైన హోకన్ వియుం లీ ప్రతిపాదన. అతడును సెర్న్‌లోనే పనిచేయుచుండెను. 1994 అక్టోబరు 10వ తేదీన అతడు తన ముసాయిదాను ప్రకటించెను. సరిగా మూడు దినములకు, అక్టోబరు 13న, నెట్‌స్కేప్ తన మొదటి బ్రౌజరును లోకమునకు విడుదల చేసెను. రోగమును, మందును ఒకే వారమున బయలుదేరినట్లయ్యెను. కాని రోగము గుఱ్ఱమెక్కినది, మందు నడచివచ్చినది.

హాలండు దేశీయుడైన బెర్ట్ బోస్ కూడ తన బ్రౌజరు కొఱకు ఇట్టి భాషనే రచించుచుండెను. ఇరువురును పోటీ పడక చేతులు కలిపిరి. 1994 నవంబరులో చికాగోలో జరిగిన వెబ్ సభలో ఈ ప్రతిపాదన చర్చకు వచ్చెను. ఆ సంవత్సరముననే బెర్నర్స్-లీ స్థాపించిన డబ్ల్యు.త్రీ.సి. అను ప్రమాణముల సంఘము ఈ పనిని చేపట్టెను. 1996 డిసెంబరు 17న సి.ఎస్.ఎస్. మొదటి తరగతి ప్రమాణముగ వెలువడెను.

సి.ఎస్.ఎస్. అను పేరులోని మొదటి మాట 'క్యాస్కేడింగ్'. కొండమీదినుండి మెట్టుమెట్టుగ జాలువారు నీటి ధారను ఆంగ్లమున అట్లందురు. ఒకే అక్షరముపై పలుదిక్కులనుండి సూత్రములు వచ్చి పడును. బ్రౌజరు తనంతట తాను పెట్టుకొన్న సూత్రమొకటి, చదువరి కోరిన సూత్రమొకటి, రచయిత వ్రాసినవి కొన్ని. అందు ఏది నెగ్గవలెను? వ్యాకరణము చదివిన మనవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. సామాన్య విధి యొకటి, విశేష విధి యొకటి తారసిల్లినప్పుడు విశేష విధియే బలవత్తరమని మన వైయాకరణులు ఏనాడో నిర్ణయించిరి. సమబలము గల రెండు సూత్రములు తగవులాడినప్పుడు వెనుక చెప్పినది నెగ్గునని పాణిని వ్యవస్థ. సి.ఎస్.ఎస్. నియమములును ఇట్టివే. ఎవరి సూత్రమన్నది మొదట చూతురు. ఒకరే వ్రాసిన సూత్రములలో 'పేరాలన్నియు నల్లగ నుండుగాక' అన్న సామాన్య సూత్రముకంటె 'హెచ్చరికగ గుర్తించిన పేరాలు ఎఱ్ఱగ నుండుగాక' అన్న విశేష సూత్రము గెలుచును. బలము సమానమైనచో వెనుక వ్రాసినది గెలుచును. ఈ రచయితలు మన వ్యాకరణమును చూచి వ్రాసిరని మేము చెప్పుట లేదు. సూత్రములతో వ్యవహారము నడుపవలసిన వారికెల్లరకు ఒకే విధమైన తగవు వచ్చును గనుక తీర్పును ఒకే పోలికతో నుండును.

దీనికి తోడు వారసత్వ మొకటి కలదు. పుటకంతటికి ఒక టైపును నిర్ణయించినచో అందలి పేరాలకును, పేరాలలోని మాటలకును అది సంక్రమించును, ఇంటి పెద్ద భాష పిల్లలకు వచ్చినట్లు. అందుచేత నూఱు శీర్షికల రంగును మార్చుటకు ఒక్క పంక్తిని దిద్దిన చాలును. వేయి పుటలకు ఒకే శైలిపత్రము సరిపోవును.

మేము మొదట చెప్పిన అధికారపు ప్రశ్న ఈ ప్రమాణములలో ఎట్లు తీరినదో చూడవలెను. తన సూత్రము తప్పక నిలువవలెనని కోరువాడు దానికి 'ముఖ్యము' అని ముద్ర వేయవచ్చును. రచయితయు, చదువరియు ఇద్దఱును అట్టి ముద్ర వేసినచో? 1996 ప్రమాణము రచయితదే గెలుపనెను. రెండు సంవత్సరములైనను గడువకముందే, 1998 మే నెలలో వెలువడిన రెండవ తరగతి ప్రమాణము ఆ తీర్పును తలక్రిందులు చేసెను. చదువరి ముద్రయే నెగ్గవలెనని నిర్ణయించెను. ఒక వృద్ధునికి సన్నటైపు ఆనదు. మఱియొకరికి ఎఱుపు, పచ్చలకు భేదము తెలియదు. రచయిత రుచి ఎంత సున్నితమైనదైనను, చదువలేని పుట వ్రాయని పుటతో సమానము. ఒక ప్రమాణగ్రంథములో చిన్న వాక్యముగ దాగియున్న ఈ మార్పు మా దృష్టిలో ఈ చరిత్రయంతటిలోను మిక్కిలి గౌరవింపదగినది.

ప్రమాణము వ్రాసినంతనే లోకము దానిని పాటించునా? 1996 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి మూడవ బ్రౌజరు శైలిపత్రములను కొంతవఱకు గ్రహించెను. నెట్‌స్కేప్ వారు మొదట తమదే యొక వేఱు పద్ధతిని ప్రతిపాదించి, తరువాత దీనికి దారి యిచ్చిరి. రెండు బ్రౌజర్లును ఒకే సూత్రమును రెండు విధముల అర్థము చేసికొనెను. 1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 3.2 ప్రమాణము వాడుకకు తలవంచి 'ఫాంట్' గుర్తును అంగీకరించెను. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన 4.0 ప్రమాణము ఆ గుర్తును వదలుకొనవలసిన వానిలో చేర్చి, రూపమునకు శైలిపత్రములనే వాడుడని చెప్పెను. పదునొకండు నెలలలో అటు నుండి ఇటు!

1998లో కొందఱు వెబ్ నిర్మాతలు సంఘముగ కూడి, ప్రమాణములను పాటింపుడని బ్రౌజరు సంస్థలపై ఒత్తిడి తెచ్చిరి. ఆ సంవత్సరమే టాడ్ ఫార్నర్ అను నతడు 'యాసిడ్' పరీక్షను సిద్ధపఱచెను. కంసాలి ఆమ్లము వేసి బంగారమును పరీక్షించినట్లు, ఒక పుటను చూపి బ్రౌజరు నిజమును తేల్చు పరీక్ష యిది. 2000 మార్చిలో మెకింటాష్ కంప్యూటర్లకై వచ్చిన మైక్రోసాఫ్ట్ బ్రౌజరు మొదటి తరగతి ప్రమాణమును దాదాపు పూర్తిగ పాటించినదని పేరు పొందెను. 2003 మేలో కెనడా దేశపు డేవ్ షే ఒక ప్రదర్శన ఏర్పాటు చేసెను. పుట ఒక్కటే, అందలి మాట ఒక్కటియు మారదు. పలువురు చిత్రకారులు పంపిన శైలిపత్రములను మార్చినకొలది ఆ పుట ఒకమాఱు తోటగ, ఒకమాఱు పాత పోస్టరుగ, ఒకమాఱు పత్రికగ కనబడును. ఒకే నటుడు రాముడుగను, రావణుడుగను రంగముమీదికి వచ్చినట్లు చూపఱులకు తోచెను. వాదములకు లొంగనివారు ఈ ప్రదర్శనకు లొంగిరి. 2014 అక్టోబరులో హెచ్.టి.ఎం.ఎల్. అయిదవ తరగతి ప్రమాణమైనప్పుడు 'ఫాంట్', 'సెంటర్', 'బ్లింక్' అను మూడును కాలము చెల్లిన గుర్తుల జాబితాలో చేరెను.

ఇంతవఱకు చెప్పినది పరదేశముల కథ. తెలుగునాట ఈ కథ మఱింత కఠినముగ నడచినది. 1990 తరువాతి దశకమున మన పత్రికలు వెబ్‌పైకి వచ్చునప్పటికి సామాన్యమైన కంప్యూటర్లలో తెలుగు అక్షరములు లేవు. అందుచేత ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను గీసి, ఒక ఫాంటును తయారుచేసిరి. పుటలో నిజముగ ఉన్నవి ఆంగ్లాక్షరములే. 'ఫాంట్' అను గుర్తు వాటిపై తెలుగు వేషము వేసెడిది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒక్కొక్క అమరిక. చదువరి ఆ ఫాంటును తెచ్చుకొననిచో తెరపై కనబడునది అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. ఇతర భాషలలో 'ఫాంట్' గుర్తు తీసివేసినచో పుట వికారముగ మాత్రమే తోచును. తెలుగులో తీసివేసినచో తెలుగే మాయమగును. ఆహార్యము విప్పగా లోపల పాత్రయే లేకపోయెను.

ఆ పుటలలో 'గోదావరి' అని వెదకిన దొరకదు. ఒక పత్రికలోని వాక్యమును మఱియొకచోట దించుకొనుటకు వీలులేదు. పైకి చదివి వినిపించు యంత్రమునకు అది తెలుగని తెలియదు. ఆ ఫాంట్లు వాడుక తప్పిన పిదప ఆనాటి వార్తలు, కథలు, వ్యాసములు ఎన్నియో తాళముచెవి పోయిన పెట్టెలవలె మిగిలినవి. 'పద్మ' అను సాధనము అట్టి పాత అమరికలను గుర్తించి నిజమైన తెలుగులోనికి మార్చు ఉపకారము చేసెను. ఐనను ప్రతి పెట్టెకును తాళముచెవి దొరకలేదు.

నిజమైన తెలుగు అనునది యూనికోడ్ అను అంతర్జాతీయ సంకేత పద్ధతి. 1991 అక్టోబరులో వెలువడిన దాని తొలి సంపుటముననే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. ఇందలి సూత్రమును మన కథలోనిదే. అక్షరము ఏదో యూనికోడ్ చెప్పును. దాని వంపు సొంపులను ఫాంటు చూచుకొనును. 'స్త్రీ' అను అక్షరమును తీసికొందము. యంత్రములో అది ఆఱు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుణింతము. వాటిని కూర్చి క్రింద ఒత్తులు, పైన గుడిదీర్ఘము అమర్చి ఒక్క యక్షరముగ నిలుపుట ఫాంటు వంతు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. నాటినుండి మన భాషలో వ్రాసినది వెదకిన దొరకు కాలము వచ్చినది.

పిమ్మట సొగసు ప్రశ్న మరల తలయెత్తినది. ఫాంటును చదువరి తెచ్చుకొనకుండ పుటయే వెంటబెట్టుకొని వచ్చు ఏర్పాటు 1998 ప్రమాణములోనే కలదు. బ్రౌజరు సంస్థల పొత్తు కుదరక అది పదేండ్లు నిద్రపోయినది. 2008లో మరల మేల్కొన్నది. 2012 డిసెంబరులో అందఱకు సమ్మతమైన ఫాంటు రూపము ప్రమాణమైనది. ఆ దారిని తెలుగునకు ఉచితముగ లభించు ఫాంట్లు వచ్చినవి. సిలికానాంధ్ర సంస్థ అందించిన వానిలో రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు, గురజాడ మొదలగు పేర్లు వినుటకే ఇంపు. ఇప్పుడు వేషము మార్చినను మాట మారదు. ఫాంటు రాకపోయినను పుట తెలుగుగనే నిలుచును.

ఐనను ఆంగ్లమునకై కుట్టిన చొక్కాను తెలుగునకు తొడిగినచో బిగువగును. ఆంగ్లాక్షరములకు చాలిన పంక్తుల యెడము మనకు చాలదు. పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుణింతములను తాకును. కనుక పంక్తియెత్తును పెంచవలెను. మాటక్రింద గీత గీసినచో అది ఒత్తులను కోసివేయును. పేరాలోని మొదటి యక్షరమును పెద్దదిగ చూపుమని సూత్రము వ్రాసినచో 'స్త్రీ' యంతయు పెద్దది కావలెను. 'స' మాత్రము పెద్దదై తక్కినది విడిపోరాదు. ఒక మాటను నొక్కి చెప్పవలెనన్న ఆంగ్లమున వాలు అక్షరములు వాడుదురు. మన అచ్చులో ఆ సంప్రదాయము బలమైనది కాదు. పుటలో 'ఇది నొక్కి చెప్పు మాట' అని మాత్రమే గుర్తించి, ఇది తెలుగని భాష పేరును తెలిపినచో, ఆంగ్లమునకు వాలుటైపును, తెలుగునకు లావుటైపును శైలిపత్రము వేఱువేఱుగ నిర్ణయింపగలదు. అర్థమును రూపమును వేఱుచేయుటవలన చిన్న భాషలకు కలుగు లాభము ఇది. తన మర్యాదలను తాను నిలుపుకొనుటకు చోటు దొరకును.

రేడియోలో పనిచేయు మాకు ఈ విషయమున మఱియొక ఆసక్తి కలదు. మా ప్రసంగపాఠములకు రంగు లేదు, టైపు లేదు. పలుకు, విరామము, ఊనిక – ఇవే మా ఆహార్యము. 1998 నాటి సి.ఎస్.ఎస్. ప్రమాణములో వినికిడి శైలులకు ఒక అధ్యాయమే కేటాయింపబడెను. ఏ గొంతు, ఎంత శ్రుతి, ఎంత వేగము, శీర్షికకు ముందు ఎంత విరామము అని అందు సూత్రములు వ్రాయవచ్చును. దానిని ఆచరణలో పెట్టిన బ్రౌజర్లు మిక్కిలి తక్కువ. అయినను పుట చూచుటకే గాక వినుటకును ఉద్దేశింపబడినదని ఆ నిర్మాతలు తలచుట మాకు సంతోషము కలిగించును.

2010 తరువాత ఫోనులు ఇంటింటికి వచ్చినవి. గోడంత తెరకు, అఱచేయంత తెరకు ఒకే పుట ఒదుగవలసి వచ్చెను. తెర వెడల్పును బట్టి సూత్రములను ఎంచు పద్ధతి 2012లో ప్రమాణమైనది. గళ్లతోను, కనబడని బొమ్మలతోను బిగించి కట్టిన పాత పుటలు ఈ పరీక్షకు నిలువలేదు. 1991లో వలె శీర్షికను శీర్షికగ, పేరాను పేరాగ చెప్పిన పుటలు నిలిచినవి. ఆనాటి తొలి పుటలను నేటి ఫోనులోను చదువవచ్చును.

మన యిండ్లలో నేడు ఎందఱో పిల్లలు వెబ్ పుటలను కూర్చుట నేర్చుకొనుచున్నారు. వారు తమ ఊరి చరిత్రనో, తాతగారి పద్యములనో తెలుగులో పెట్టదలచినప్పుడు మొదట రంగులను వెదకుదురు. అది వయసునకు సహజము. పెద్దలు ప్రక్కన కూర్చుండి ఒక్క సంగతి అడుగవలెను: 'ఇందులో శీర్షిక యేది, పద్యమేది, వచనమేది, అట్లని పుటలో చెప్పితివా?' అది చెప్పినచో నేటి వేషము పాతబడినను ఇరువదియేండ్ల తరువాత మఱియొకరు క్రొత్త వేషము వేయగలరు. కన్నుతో చదువలేని పొరుగింటివారు చెవితో వినగలరు. తాతగారి కందమునకు ముందు 'క.' అను అక్షరము ఎట్లును ఉండును. దాని ప్రక్కన యంత్రమునకు తెలియు గుర్తును గూడ పిల్లవాడు చేర్చిన చాలును.